సూది, పుస్తకం, పంది: తెలుగునాట వితంతువుల జీవనోపాధి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగునాట వితంతు సమస్య చరిత్ర ప్రధానంగా పునర్వివాహోద్యమ చరిత్రగా రూపొందింది. భర్త మరణించిన స్త్రీ తిరిగి పెళ్ళాడవచ్చునా అన్న ప్రశ్నకు లభించిన ప్రాధాన్యం, ఆమె ఏ పని చేసుకొని బతికింది అన్న ప్రశ్నకు లభించలేదు. సంస్కర్తలు, మిషనరీలు, స్వాతంత్ర్యానంతర ప్రభుత్వం వితంతువుకు చూపిన జీవనోపాధులు ముఖ్యంగా రెండు: ఒకటి సూది, రెండవది పుస్తకం. ఈ రెండింటికీ వెలుపల, పశుపోషణపై, ప్రత్యేకించి చిన్నపాటి పందుల పెంపకంపై ఆధారపడిన నిరుపేద ఒంటరి స్త్రీ ఉంది. ఆమె జీవనోపాధిని సంస్కరణోద్యమం పట్టించుకోలేదు, పురపాలక చట్టం నేరంగా చూసింది, ప్రణాళికాయుగం ‘అభివృద్ధి’ చేయబోయి ఆమె చేతినుంచి జార్చింది. ఈ మూడు దశలను ఎరుకల సమాజం నేపథ్యంలో పరిశీలించి, వితంతు చరిత్ర రచనకు జీవనోపాధిని కేంద్రంగా తీసుకోవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వితంతువు, జీవనోపాధి, పందుల పెంపకం, ఎరుకల, మారుమనువు, నేరస్థ తెగల చట్టం, సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం.

1. ప్రవేశిక

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం తెలుగువారి ఆధునిక చరిత్రలో ఒక మైలురాయి. ఆ వివాహం చుట్టూ జరిగిన వాదప్రతివాదాలు, శాస్త్రచర్చలు, వెలివేతలు, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య చేసిన ఆర్థిక సహాయం ఇవన్నీ పరిశోధకులకు సుపరిచితాలే. అయితే ఈ ఉద్యమ చరిత్రలోనే ఒక ఆర్థిక చరిత్ర దాగి ఉంది. పునర్వివాహం చేసుకొన్న దంపతులను బంధువులు వెలివేసినప్పుడు వారికి ఇల్లెవరిస్తారు, పని ఎవరిస్తారు, పురోహితునికీ వంటవానికీ జీతం ఎవరు చెల్లిస్తారు అనే చిక్కులు ఉద్యమాన్ని తొలినుంచీ వెంటాడాయి. పెళ్ళి ఒక్కరోజు కార్యం, బతుకు నిత్యకార్యం. ఈ భేదాన్ని వీరేశలింగం ఎరుగును కనుకనే వివాహాలతో ఆగక వితంతు శరణాలయం, పాఠశాల, హితకారిణీ సమాజం వంటి సంస్థల నిర్మాణానికి పూనుకొన్నారు.

ఈ శరణాలయాలు ఎవరి కోసం ఏర్పడ్డాయి? పునర్వివాహాన్ని నిషేధించిన కులాల బాలవితంతువుల కోసం. ఆ నిషేధం ఎంత క్రూరమైనదో, దానిని ఎదిరించడానికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో తక్కువ చేసి చూడవలసిన పనిలేదు. కానీ తెలుగునాట వితంతువులందరి అనుభవం అదే కాదు. కూలినాలి చేసుకొనే కులాల్లో, సంచార తెగల్లో భర్త పోయిన స్త్రీకి గుండు గీయలేదు, గదిలో నిర్బంధించలేదు. ఆమెను పనిలోకి పంపారు. ఆమె సమస్య శాస్త్రం కాదు, గింజలు. ఆ గింజలు ఎక్కడినుంచి వచ్చాయన్నది ఈ వ్యాసం వేసుకొన్న ప్రశ్న.

2. సూది, పుస్తకం: సంస్కరణ చూపిన దారులు

పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి భారతదేశంలో వితంతువులకోసం ఏర్పడిన సంస్థల్లో ఒక ఉమ్మడి స్వరూపం కనిపిస్తుంది. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో ప్రారంభించిన శారదా సదన్, ధొండో కేశవ కర్వే 1896లో పూనాలో నెలకొల్పిన వితంతు గృహం, మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి నడిపిన వసతిగృహం ఇవన్నీ వితంతువును ఉపాధ్యాయినిగా, దాదిగా, కుట్టుపనిలో నేర్పరిగా తీర్చిదిద్దాలని సంకల్పించాయి. తెలుగునాట ఉన్నవ లక్ష్మీనారాయణ 1902లో గుంటూరులో వితంతు శరణాలయాన్ని, 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మతో కలిసి శారదా నికేతనాన్ని స్థాపించారు. దుర్గాబాయి 1937లో మద్రాసులో ప్రారంభించిన ఆంధ్ర మహిళాసభ ఈ ధారను మరింత విస్తరించింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె అధ్యక్షురాలైన తరువాత, 1958లో ఆ మండలి ప్రవేశపెట్టిన సంక్షిప్త విద్యాకోర్సులు చదువు మధ్యలో ఆగిన వయోజన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధంచేసి ఉద్యోగార్హులను చేశాయి. వితంతువులకు, భర్తలు వదిలేసిన స్త్రీలకు ఈ కోర్సులు నిజమైన ఆసరా అయ్యాయి.

సూది కథ కొంత భిన్నమైనది. పశ్చిమ గోదావరి ప్రాంతంలో మిషనరీలు క్రైస్తవం స్వీకరించిన పేద స్త్రీలకు నేర్పిన లేసు అల్లిక క్రమంగా నరసాపురం పరిసరాల్లో ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ పరిశ్రమలోని వైరుధ్యాన్ని ఎత్తిచూపింది. ప్రపంచ విపణికోసం రోజుకు గంటల తరబడి అల్లే స్త్రీని వర్తకుడు గానీ కుటుంబం గానీ కార్మికురాలిగా గుర్తించలేదు. ఆమె గృహిణి, ఆ అల్లిక ఆమె తీరిక సమయపు వ్యాపకం. ఇల్లు కదలకుండా చేయగలగడమే ఆ పని గౌరవానికి మూలం, అదే దాని కూలి హీనంగా ఉండడానికీ కారణం.

ఈ రెండు దారులకూ ఉన్న సామాన్య లక్షణాన్ని గుర్తించాలి. సూదికీ పుస్తకానికీ నీడ కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి, నేర్చుకొనే కాలమంతా కూడు పెట్టేవారు కావాలి. అన్నిటికీ మించి, ఆ పనులు ‘మర్యాద’ పరిధికి లోబడినవి. పేడకళ్ళు ఎత్తడం, మేకలు కాయడం, పందులు మేపడం ఆ పరిధిలోకి రావు. సంస్కరణ సాహిత్యం వితంతువు శ్రమ గురించి మాట్లాడలేదని అనలేం. శ్రమలో కొంతభాగాన్ని మాత్రమే గౌరవప్రదమైన జీవనోపాధిగా గుర్తించిందని అనాలి.

3. మారుమనువు, చట్టం, ఆస్తి

1856 హిందూ వితంతు పునర్వివాహ చట్టం పునర్వివాహానికి చట్టబద్ధత కల్పించింది. కానీ అదే చట్టంలోని రెండవ సెక్షన్ ప్రకారం పునర్వివాహం చేసుకొన్న వితంతువు మొదటి భర్త ఆస్తిపై తన హక్కును కోల్పోతుంది. మారుమనువు ఆచారం ముందునుంచే ఉన్న కులాల స్త్రీలకు ఈ సెక్షన్ వర్తిస్తుందా అన్నది న్యాయస్థానాల్లో వివాదాస్పదమైంది. అలహాబాదు హైకోర్టు వర్తించదన్నది. మద్రాసు హైకోర్టుతో సహా మరికొన్ని న్యాయస్థానాలు మారుమనువాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి దక్కదనే తీర్పునిచ్చాయి. ఫలితంగా అగ్రకులాల వితంతువుకు ఒక స్వేచ్ఛను ఇవ్వడానికి వచ్చిన చట్టం, ఆ స్వేచ్ఛను ఆచారంగా అనుభవిస్తున్న కులాల స్త్రీలకు ఆస్తినష్టం కలిగించే సాధనమైంది. ఈ విషయాన్ని లూసీ కారోల్ తన పరిశోధనలో విపులంగా చర్చించారు.

తరువాత వచ్చిన చట్టాలదీ ఇటువంటి పరిమితియే. 1937 హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వితంతువుకు జీవితకాలపు పరిమిత హక్కును ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం దానిని సంపూర్ణ హక్కుగా మార్చింది. ఇవి చారిత్రకమైన మార్పులే. అయితే వారసత్వ చట్టం పంచగలిగేది ఉన్న ఆస్తినే. సెంటు భూమి లేని కుటుంబంలో భర్త మరణిస్తే వితంతువుకు చట్టం ద్వారా సంక్రమించేదేమీ లేదు. అటువంటి ఇంట్లో ఆస్తి అనదగినది కాళ్ళమీద నడిచేదే: ఒక మేక, నాలుగు కోళ్ళు, కొన్ని సమాజాల్లో ఒక ఆడపంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 7 రాష్ట్రాల గ్రామాల్లో వితంతువుల స్థితిగతులను పరిశీలించిన మార్తా చెన్ అధ్యయనం కూడా వితంతువు భద్రతకు హక్కుపత్రం ఒక్కటే చాలదని, ఆమె ఆధీనంలో ఉన్న ఆదాయ మార్గం, నివాసం, పుట్టింటి అండ అన్నీ కలిసి ఆ భద్రతను నిర్ణయిస్తాయని సూచిస్తుంది.

4. ఎరుకల సమాజం: ఉప్పునుంచి పందికి

తెలుగునాట పందుల పెంపకంతో అత్యంత సన్నిహిత సంబంధమున్న సమాజం ఎరుకలది. అయితే పందుల పెంపకమే వారి అనాది వృత్తి అనుకోవడం చరిత్రకు సరిపడదు. వలసపాలన కాలపు జాతివివరణ గ్రంథాలు ఎరుకలలోని శాఖలను వారి వృత్తుల పేర్లతోనే పేర్కొన్నాయి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల మొదలైనవి. తీరప్రాంతం నుంచి లోపలి గ్రామాలకు గాడిదలమీద, ఎద్దులమీద ఉప్పు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చే వర్తకం వీరిలో కొందరిది. ఎరుక చెప్పడం, బుట్టలు, తట్టలు అల్లడం స్త్రీలకు సొంత ఆదాయాన్నిచ్చిన పనులు.

ఈ వర్తకాన్ని రెండు పరిణామాలు దెబ్బతీశాయి. ప్రభుత్వ ఉప్పువిధానం ఒకటి, రైలుమార్గాల విస్తరణ రెండవది. మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో నిరూపించినట్లు, జీవనాధారం కోల్పోయిన సంచార వర్తకులనే వలసప్రభుత్వం అనుమానితులుగా చూసింది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప వంటి స్థిరనివాసాలు ఏర్పడ్డాయి. సంచారం నేరమైంది, హాజరు విధి అయింది. స్టువర్టుపురం నివాసులు చీరాలలోని పొగాకు కర్మాగారానికి కూలీలుగా మారిన వైనం కూడా మీనా రాధాకృష్ణ రచనలో కనిపిస్తుంది.

వితంతు చరిత్ర దృష్టితో చూస్తే ఈ చట్టం మరొక ప్రశ్నను లేవనెత్తుతుంది. భర్త మరణించిన స్త్రీ మాత్రమేనా ఒంటరి? భర్త ఏళ్ళ తరబడి జైలులో ఉన్న స్త్రీ, భర్తను దూరపు స్థిరనివాసానికి తరలించిన స్త్రీ జనాభా లెక్కల్లో వివాహితే, బతుకులో మాత్రం ఒంటరిదే. పునర్వివాహ చర్చలో ఆమెకు చోటులేదు, శరణాలయంలో ప్రవేశం లేదు. ‘ఒంటరి మహిళ’ అనే పరిపాలనా వర్గం పింఛను పథకాల్లో స్పష్టంగా కనిపించడానికి చాలాకాలం పట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు ప్రత్యేక పింఛనును ప్రారంభించింది. కానీ ఆ స్థితి మాత్రం నేరస్థ తెగల చట్టం కాలంనుంచే ఉన్నది.

ఉప్పు వర్తకం పోయి, సంచారం నిషిద్ధమైన తరువాత ఊరి అంచున నిలిచి చేసుకోగలిగిన పనులు మిగిలాయి: బుట్టల అల్లిక, పందుల పెంపకం, కూలి. వీటిలో పందికి భూమి అక్కరలేదు. పొలాల్లో మిగిలిన దుంపలు, చెరువు గట్ల గడ్డలు, ఊరు పారవేసిన తిండి, తవుడు, కుడితి దాని మేత. ఊరికి పనికిరానిదానిని మాంసంగా మార్చే జీవం అది. పెళ్ళిళ్ళకు, గ్రామదేవతల జాతరలకు దాని అవసరం ఉండేది. అలా ఊరు అసహ్యించుకొన్న జంతువే ఊరి కొలుపులో భాగమైంది. దానిని పెంచినవారు మాత్రం ఊరి వెలుపలనే ఉండిపోయారు.

5. పంది ఆర్థిక తర్కం

ఒంటరి స్త్రీకి పంది ఎందుకు పనికివచ్చింది, ఎంతవరకు పనికివచ్చింది అనేది అంచనా వేయడానికి దాని జీవధర్మాన్ని చూడాలి. ఆడపంది గర్భకాలం సుమారు 114 రోజులు. పిల్లలను తల్లిపాలనుంచి వేరుచేయడానికి మరో 8 వారాలు, అంటే 56 రోజులు పడుతుంది. ఈ లెక్కన చూలు నిలిచిన నాటినుంచి పిల్లలు అమ్మకానికి రావడానికి 170 రోజులు, దాదాపు ఆరునెలలు. గేదె ఒక ఈతలో ఒక దూడనే ఇస్తుంది, ఆడపంది ఒక ఈతలో అనేక పిల్లలను పెడుతుంది. అందులో కొన్ని చచ్చినా కొన్ని మిగులుతాయి. మిగిలినవాటిలో కొన్నింటిని అమ్మి, ఒకటి రెండింటిని పెంపుకు ఉంచుకోవచ్చు.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, పంది రోజుకూలికి ప్రత్యామ్నాయం కాదు. ఆరునెలలపాటు పైసా రాని ఆస్తిని నమ్ముకొని ఏ వితంతువూ పూట గడుపుకోలేదు. బుట్టలల్లి, కూలికి వెళ్ళి రోజు గడుపుకొంటూ, ఆ పక్కనే పందిని పెంచుకొంటుంది. రోజువారీ తిండి కూలినుంచి వస్తే, పిల్ల పెళ్ళి, రోగం, ఇంటికప్పు వంటి పెద్ద ఖర్చు పందినుంచి వస్తుంది. పంది ఆమెకు జీతం కాదు, కాళ్ళున్న పొదుపు. రెండవది, ఈ పొదుపులో ప్రమాదం కూడా అంతే పెద్దది. స్వైన్ ఫీవర్ వంటి వ్యాధి సోకితే రోజుల వ్యవధిలో మంద మొత్తం పోతుంది. పది పందులున్నవాడు రెండు పోగొట్టుకొని నిలదొక్కుకోగలడు. ఒక్కటే ఉన్న స్త్రీకి అదే సర్వస్వం.

పెట్టుబడి లేని స్త్రీ తొలి పందిని ఎలా సంపాదిస్తుందన్నది మరొక ముఖ్యాంశం. మేకలు, దూడల విషయంలో పల్లెల్లో పాలికి పెంచే ఏర్పాటు ప్రసిద్ధమే: ఒకరి జీవాన్ని మరొకరు సాకుతారు, పుట్టిన పిల్లల్లో ఇద్దరికీ వాటా ఉంటుంది. నగదు, హామీ, కాగితం ఏవీ లేకుండా ఆస్తిని చేతికందించే పద్ధతి ఇది. ఇరవయ్యో శతాబ్దంలో అంతర్జాతీయ సేవాసంస్థలు పేదలకు జీవాన్నిచ్చి, దాని తొలి ఆడపిల్లను మరొక పేదకు ఇవ్వాలన్న నియమంతో నడిపిన పథకాలకు గొప్ప ప్రచారం లభించింది. 1944లో ఆరంభమైన హైఫర్ ఇంటర్నేషనల్ సంస్థ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ ఆలోచనలోని సారం పాలి పద్ధతికి దూరమైనదేమీ కాదు. భేదమల్లా, పాలిలో యజమానికి సగం పోతుంది, సేవాపథకంలో ఆ సగం మరొక నిరుపేదకు చేరుతుంది.

స్త్రీ శ్రమకూ స్త్రీ అధికారానికీ మధ్య ఉన్న దూరాన్ని కూడా విస్మరించరాదు. మేత సేకరణ, ఈత సమయపు కాపలా, పిల్లల సాకుడు ప్రధానంగా స్త్రీల పని. పందిని పట్టడం, కోయడం, సంతలో బేరమాడడం సాధారణంగా పురుషుల పని. తూకం లేకుండా కంటి అంచనాతో ధర తేల్చే చోట, తన తరఫున మాట్లాడే అన్నో అల్లుడో లేని వితంతువుకు ఆ అంచనా తగ్గుతుంది. ఆస్తి ఆమెదైనా ధర ఆమె చేతిలో ఉండదు.

6. పురపాలక చట్టం: ఆస్తి ఉపద్రవంగా మారిన వైనం

ఊరు పట్టణమైన కొద్దీ పంది స్థితి మారింది. 1920 మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, ఆ తరువాత 1965 ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ప్రజారోగ్యం పేరిట పందుల పెంపకాన్ని నియంత్రించాయి. వీధుల్లో తిరిగే పందులను పట్టుకొని చంపించే అధికారం పురపాలక యంత్రాంగానికి దఖలుపడింది. ఆరోగ్య కారణాలు అబద్ధమేమీ కాదు. బద్దెపురుగు వ్యాధి, మెదడువాపు వ్యాధి వ్యాప్తిలో పంది పాత్ర శాస్త్రీయంగా నిర్ధారితమైనదే. దోమలద్వారా వ్యాపించే జపనీస్ మెదడువాపు వైరస్ పంది శరీరంలో విస్తారంగా వృద్ధి చెందుతుంది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యాధి ప్రబలినప్పుడు ఊళ్ళనుంచి పందులను తరలించాలన్న ఒత్తిడి పెరగడం అర్థం చేసుకోదగినదే.

అయినా చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పట్టణంలో చెత్తను తొలగించలేని, మురుగుకాలువలు కట్టలేని పాలన, ఆ చెత్తమీద బతికే జంతువునూ దాని యజమానినీ మాత్రమే ఎందుకు శిక్షించింది? కుక్కను పట్టినప్పుడు ఒకరి జీవనాధారం పోదు. పందిని పట్టి చంపితే ఒక కుటుంబపు పొదుపు మొత్తం పోతుంది. చట్టం దృష్టిలో ‘వీధి పంది’కి యజమాని లేడు. ఎరుకలవాడలో మాత్రం ప్రతి పందికీ చెవికోతో, మచ్చో, పేరో ఉంటుంది, అది ఎవరిదో అందరికీ తెలుసు. ఆస్తిగా గుర్తింపులేని ఆస్తికి నష్టపరిహారం అడగడానికి దారిలేదు. లేసు అల్లే స్త్రీ శ్రమను వర్తకుడు తీరిక వ్యాపకంగా చూసినట్లే, పంది పెంచే స్త్రీ ఆస్తిని పురపాలక సంఘం ఉపద్రవంగా చూసింది. మొదటిది ఆమె శ్రమను చిన్నబుచ్చింది, రెండవది ఆమె ఆస్తిని రద్దుచేసింది.

7. ప్రణాళికాయుగం: నాటు పంది, సీమ పంది

స్వాతంత్ర్యానంతరం పందుల పెంపకం ప్రణాళికల్లోకి ప్రవేశించింది. దేశంలో కొన్ని ఎంపిక చేసిన చోట్ల బేకన్ కర్మాగారాలు, వాటికి అనుబంధంగా సంతానోత్పత్తి కేంద్రాలు నెలకొన్నాయి. వాటిలో ఒకటి కృష్ణాజిల్లా గన్నవరంలో ఏర్పడింది. 1970–71లో ప్రారంభమైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకంలో తిరుపతి ఒక కేంద్రం. అక్కడ 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తంతో ఎస్.వి.వి.యు. టి-17 అనే సంకరజాతి రూపొందింది. శాస్త్రపరంగా ఇది గణనీయమైన కృషి. సీమ పంది త్వరగా ఎదుగుతుంది, ఎక్కువ పిల్లలను పెడుతుంది.

కానీ సీమ పందికి పాక కావాలి, నీళ్ళు కావాలి, కొన్న దాణా కావాలి, టీకాలు కావాలి. నాటు పంది తన మేత తాను వెతుక్కొంటుంది. ఒకటి నగదును తిని నగదును ఇస్తుంది, రెండవది నగదు లేకుండానే నగదును ఇస్తుంది. ఈ తేడాను గుర్తించకపోతే ఏమవుతుందో హైతీ దేశ చరిత్ర తెలుపుతుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ సోకిన కారణంగా 1980ల ఆరంభంలో ఆ దేశంలోని నాటు నల్లపందులన్నిటినీ నిర్మూలించారు. వాటి స్థానంలో అమెరికానుంచి తెచ్చిన మేలుజాతి పందులు రైతు గుడిసెకన్న మంచి వసతి కోరాయి. నాటు పంది రైతు కుటుంబానికి పొదుపు ఖాతా వంటిది. ఖాతా మూతపడిన తరువాతగాని దాని విలువ పాలకులకు తెలియలేదు.

మనదేశంలో 1978లో మొదలై 1980 అక్టోబరు 2నుంచి అన్ని బ్లాకులకూ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం పేదకు ఆస్తిని సమకూర్చాలని సంకల్పించింది. చిన్నరైతులకు 25 శాతం, సన్నకారు రైతులకు, కూలీలకు 33 1/3 శాతం, షెడ్యూల్డు తెగలవారికి 50 శాతం సబ్సిడీ, మిగిలినది బ్యాంకు రుణం. పంది యూనిట్లు కూడా ఈ పథకం కిందికి వచ్చాయి. పథకంలో లబ్ధి యూనిట్ కుటుంబం. కుటుంబమంటే ఆచరణలో దాని పురుష యజమాని. ఈ లోపాన్ని సవరించడానికే 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1992 సారా వ్యతిరేకోద్యమం తరువాత నెల్లూరు జిల్లాలో విస్తరించిన పొదుపు బృందాలు దానికి కొత్త ఊపిరిపోశాయి. స్త్రీ తనపేర రుణం పొందే మార్గం ఏర్పడింది. వితంతువుకు ఇది చిన్న మార్పు కాదు. అయితే బృందంలో చేరడానికి వారంవారం పొదుపు కావాలి, తోటి సభ్యుల నమ్మకం కావాలి. ఊరి అంచున పందులు మేపే స్త్రీ పక్క వీధి బృందంలో సభ్యురాలు కాగలదా అన్నది కులం తేల్చే ప్రశ్న.

ఇటీవలి విధానం మరో మలుపు తిరిగింది. 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ 100 ఆడపందులు, 10 మగపందులతో కూడిన సంతానోత్పత్తి క్షేత్రానికి 50 శాతం చొప్పున గరిష్ఠంగా 30 లక్షల రూపాయల సబ్సిడీని ప్రకటించింది. దీనినుంచి మాంసోత్పత్తి పెరగవచ్చు. ఒక ఆడపందితో బతికే వితంతువు మాత్రం ఆ నిర్వచనంలో రైతు కాదు. ఇదే కాలంలో, 2023లో, తెలంగాణ ప్రభుత్వం ఎరుకల సాధికారత పథకం పేరుతో ఆ సమాజాన్నే ఉద్దేశించి పందుల పెంపకానికి సహాయం ప్రకటించడం గమనార్హం. ఒక విధానం జంతువును చూసింది, మరొకటి మనుషులను చూసింది. రెండింటిలోనూ ఒంటరి స్త్రీని విడిగా చూడవలసిన పని మిగిలే ఉంది.

8. గౌరవం, కులం, ఈశాన్య రాష్ట్రాల పోలిక

2019 పశుగణన ప్రకారం దేశంలో పందుల సంఖ్య 90.6 లక్షలు, 2012తో పోలిస్తే ఇది సుమారు 12 శాతం తక్కువ. సంఖ్యలో అస్సాం 21 లక్షలతో అగ్రస్థానంలో ఉంది. ఈశాన్య రాష్ట్రాల గిరిజన సమాజాల్లో ఇంటివెనుక ఒకటి రెండు పందులను పెంచడం స్త్రీల సాధారణ గృహకృత్యం. దానికి అంటు లేదు, మాంసానికి పెళ్ళిళ్ళలోనూ పండుగల్లోనూ గౌరవస్థానం ఉంది. అక్కడ వితంతువుకు పందిపిల్లను ఇస్తే అది సహాయం. తెలుగునాట అదే సహాయం కులముద్రతో కలిసి వస్తుంది. పందులను వదిలేయడమే పైకి రావడానికి గుర్తుగా భావించిన చదువుకొన్న ఎరుకల యువతరం అభిప్రాయాన్ని తోసిపుచ్చే హక్కు పరిశోధకునికి లేదు. పంది మంచి జీవనోపాధి అని చెప్పడం తేలిక; ఎవరికి మంచిది, ఎవరు దానిని తప్పనిసరిగా చేయవలసి వస్తున్నది అని అడగడం కష్టం. 2020లో ఈశాన్యంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ విజృంభించినప్పుడు, గౌరవం ఉన్నచోట కూడా ఈ ఆస్తి ఎంత భంగురమైనదో తేలిపోయింది.

9. ఉపసంహారం

పై పరిశీలననుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగునాట వితంతు చరిత్రను పునర్వివాహ చరిత్రగా మాత్రమే చూస్తే మారుమనువు ఉన్న కులాల స్త్రీ చరిత్రకు వెలుపల నిలిచిపోతుంది. జీవనోపాధిని కేంద్రంగా తీసుకొంటే శరణాలయపు వితంతువు, లేసు అల్లే వితంతువు, పందులు మేపే వితంతువు ఒకే చరిత్రలోకి వస్తారు. రెండు, వితంతువు పేదరికానికి ఆస్తి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఉన్న ఆస్తిని చట్టమూ విధానమూ ఆస్తిగా గుర్తించకపోవడం కూడా కారణమే. మూడు, జీవాన్ని ఇవ్వడంతో సహాయం పూర్తికాదు. టీకా, బీమా, తూకంతో కూడిన అమ్మకం, పందిని ఉంచుకోవడానికి చట్టసమ్మతమైన చోటు ఈ నాలుగూ లేనిచోట ఇచ్చిన పంది ఆమెకు ఆస్తికాక అప్పుగా మిగులుతుంది.

ఈ చరిత్రను రాయడానికి ఆధారాలు సంస్కర్తల స్వీయచరిత్రల్లో తక్కువగా, ఇతరత్రా ఎక్కువగా లభిస్తాయి: పురపాలక సంఘాల తీర్మాన పుస్తకాలు, స్థిరనివాసాల వార్షిక నివేదికలు, పశుసంవర్ధక శాఖ దస్త్రాలు, బ్యాంకు శాఖల రుణ రిజిస్టర్లు, వీటన్నిటికీ మించి ఎరుకలవాడల్లోని వృద్ధ స్త్రీల మౌఖిక కథనాలు. మొదటి పంది ఎవరిచ్చారు, అమ్మినప్పుడు బేరం ఎవరు చేశారు, మునిసిపాలిటీవారు పట్టుకెళ్ళినప్పుడు ఆ ఏడాది ఎలా గడిచింది అనే మూడు ప్రశ్నలతో ఆ సంభాషణను మొదలుపెట్టవచ్చు. 2011 జనగణన నాటికి దేశంలో వితంతువుల సంఖ్య 4 కోట్లకు పైబడింది. వారిలో అత్యధికుల జీవితం ఏ శరణాలయ రిజిస్టరులోనూ నమోదు కాలేదు. వారు చేసిన పనిని గుర్తించడమే వారి చరిత్ర రచనకు తొలి మెట్టు.